ఇంజిన్‌లో యాసిడ్ పోయొద్దు

కోరాపుట్, రాయగడ పట్టురైతుల్లో చాలామందికి ఎండాకాలం మల్బరీ తడి అంటే పాత డీజిల్ ఇంజినే. గెడ్డ నీళ్లే ఇంజిన్ చుట్టూ తిరిగి బయటికొస్తాయి కదా, లోపల తుప్పూ బురదా పేరుకుని దారి మూసుకుపోతుంది. ఇంజిన్ కాగిపోయి హెడ్ గాస్కెట్ పోతుంది. అదీ పురుగు నాలుగో జ్వరం లేచినప్పుడు! మొత్తం ఆకులో నూటికి 80 పైన తినేది ఆ వారంలోనే.

కొందరు బాత్రూం యాసిడ్ పోసేస్తున్నారు. మేము ఒప్పుకోం. అది తుప్పు దగ్గర ఆగదు, పోత ఇనుమునీ తింటుంది.

నిమ్మ ఉప్పు చాలు. ముందు కింది బోల్టు విప్పి తీగతో బురద లాగేయాలి. 10 లీటర్ల వేడినీళ్లలో అరకేజీ కలిపి, కింద మూసి, పైన తెరిచే ఉంచి నింపాలి. బుడగలొస్తాయి, భయం లేదు. రెండు మూడు గంటలకోసారి వంపి చూడండి. నల్లగా వస్తే మళ్లీ కొత్తది. ఆఖర్న తినేసోడా నీళ్లు, తర్వాత మంచినీళ్లు. చింతపండూ పనిచేస్తుంది గానీ పిప్పి లోపల ఇరుక్కుంటుంది, దాన్ని చారుకే ఉంచుకుందాం.

వంపిన నీళ్లు తోటలోకి వదలొద్దు. వానలు పడి ఇంజిన్ మూల పెట్టేటప్పుడు కింది బోల్టు విప్పి నీళ్లన్నీ తీసేయండి.