కఱవునకు కఱవను పేరే తగును

మన తెలుగు గృహిణి దీపమారినదని యనదు; కొండెక్కినదనును. కుండలో బియ్యము లేనప్పుడు నిండుకొన్నవనును. తాళి తెగినదనక పెరిగినదనును. పొలమున పాము కఱచినవానిని పురుగు ముట్టినదని చెప్పుకొందుము. అశుభమును నోట పలుకరాదను భయము, వినువాని మనసు నొవ్వరాదను దయ, ఈ రెండును కూడి కల్పించిన మాటలివి. వీనిలో వంచన లేదు. ఏలయన చెప్పువానికిని వినువానికిని అర్థము తెలియును. బియ్యము నిండుకొన్నవని విన్న యజమానుడు అంగడికి పోవునే గాని, కుండ నిండుగా నున్నదని నిద్రింపడు.

మెత్తని మాటకు ఇదియే పరీక్ష యని మా యభిప్రాయము. మాట మాఱినను చేయవలసిన పని మాఱకున్నచో అది మర్యాద. మాటతోపాటు పనియు తప్పిపోయినచో అది మోసము. మన పెద్దలు మసూచికమును అమ్మవారనిరి. ఆ పేరున భక్తి కలదు. కాని రోగము పేరునకు లొంగలేదు, టీకాలకు లొంగినది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి భూమిపై నశించినదని ప్రకటించెను.

మెత్తని మాటలకు మితముండవలెనని మన ప్రజలెఱుగుదురు. ఏటేట మే మాసమున తిరుపతిలో జరుగు తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషధారులు దారిన పోవువారిని నోటికి వచ్చినట్లు తిట్టుదురు. తిట్టుపడినవారు కోపింపకుండుట ఆచారము. స్త్రీలను చెఱచిన పాలెగానిని గంగమ్మ వేషములు మార్చి వెదకి సంహరించినదని కథ. దుర్మార్గుని దుర్మార్గుడని బహిరంగముగా పిలుచుటకు ఈ పుణ్యక్షేత్రమే వారము దినములు కేటాయించినది. మన రాజకీయ వ్యవహారములలో అట్టి దినమొకటియు లేకుండుట విచారకరము.

1876లో ఆరంభమైన మహాక్షామమును మన జనులు ఏ మాటతోను కప్పలేదు. సంవత్సరము పేరు చేర్చి ధాతకఱవనియే పిలిచిరి. అటుపిమ్మట ఆంగ్ల ప్రభుత్వము కఱవు నిబంధనలను వ్రాయించెను. వాని ప్రకారము కఱవని ప్రకటించినచో పనులు కల్పించుటయు, నిస్సహాయులకు అన్నము పెట్టుటయు ప్రభుత్వమునకు విధి యగును. 1943లో వంగదేశమున జనులు వీథులలో కూలి చచ్చుచుండగా ఆ ప్రకటన వెలువడనే లేదు. మృతులు ముప్పది లక్షల వఱకు నుందురని అంచనా. ఒక్క మాట పలుకకుండుటచే ఒక విధిని తప్పించుకొనిరి.

నేడు పరిపాలన మనది. అయినను 2016లో భారత వాతావరణ శాఖ తన పరిభాష నుండి కఱవను మాటను తొలగించి, ‘లోటు సంవత్సరము’, ‘అధిక లోటు సంవత్సరము’ అను మాటలను చేర్చెను. 2014, 2015 సంవత్సరములలో వరుసగా వానలు తప్పిన పిమ్మట ఈ మార్పు జరిగినది. వానను కొలుచుట ఆ శాఖ పని, కఱవును ప్రకటించుట రాష్ట్రముల పని యను సమాధానము న్యాయమైనదే. మా భయము వేఱు. కొలత కొఱకు పుట్టిన ఈ మెత్తని మాట కచ్చేరీలకు ప్రాకి, ప్రకటనకు బదులుగా చెల్లునేమో యని మా శంక. వానలు తప్పిన యేట ఆ ప్రకటన వెలువడిన గాని పంట ఋణమునకు గడువు పొడిగింపునకును, ఎండిన పంటకు సాయమునకును దారి యేర్పడదు. పలమనేరు, కుప్పము ప్రాంతములలో వేయి అడుగుల లోతునకు బోరు దింపి నీరు గానని రైతునకు ‘లోటు’ అను మాట ఏమి ఓదార్పు?

మనమును నిర్దోషులము కాము. వేరుసెనగ విత్తనపు ఖర్చైనను తిరిగి రాక బెంగుళూరికి కూలికి పోయిన పొరుగువానిని, ‘పట్టణమున పని చూచుకొన్నాడు’ అని చెప్పుదుము. పరువునకై పలికిన ఆ మాట ఊరి కష్టమును లెక్కలోనికి రానీయదు. పంట పోయినదని వ్రాయించుకొనుటకు సిగ్గుపడు భూస్వామి తన నష్టమునే గాక, తనను నమ్ముకొన్న కూలీల ఆకలిని గూడ దాచుచున్నాడు.

ఇంట దీపము కొండెక్కినదని చెప్పుకొందము. అది మన సంప్రదాయము. తహసీలుదారు ఎదుట మాత్రము చీకటిగా నున్నదనియే చెప్పుదము.