రోగం పోయినా పోని పేరు

ఒక శాస్త్రం తన తప్పును తానే గుర్తించి దిద్దుకొన్నది. అయినా ఆ తప్పుకు పెట్టిన పేరు భాషలో చెక్కుచెదరక నిలిచి ఉన్నది. అప్పుడు ఆ నేరం ఎవరిది? ఒక్క వైద్యులదే కాదు, ఒక్క న్యాయమూర్తులదే కాదు. వ్రాసేవారిది, అనువదించేవారిది, నిఘంటువులు కూర్చేవారిది. ఒకే లింగానికి చెందినవారి మధ్య కలిగే అనురాగం విషయంలోను, పుట్టినప్పుడు లోకం నిర్ణయించిన లింగాన్ని తమదిగా భావించలేనివారి విషయంలోను మన భారతీయ భాషలు నేటికీ మోస్తున్న నేరం ఇదే.

ఈ ‘రోగం’ ఎట్లా పుట్టినదో మొదట చూడాలి. 1860లో బ్రిటిషు పాలకులు మన దేశానికి చేసిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షను దీనిని ప్రకృతి విరుద్ధమైన నేరమన్నది. 1886లో క్రాఫ్ట్ ఎబింగ్ అనే వైద్యుడు ప్రకటించిన గ్రంథం దీనిని మనోవికృతుల వరుసలో కూర్చోబెట్టినది. 1952లో అమెరికా మనోరోగ వైద్యుల సంఘం తన మొదటి రోగపట్టికలో దీనికి చోటిచ్చినది. పూర్వులు పాపమన్నదానిని చట్టం నేరమన్నది, వైద్యం రోగమన్నది. తీర్పు మారలేదు, తీర్పు చెప్పే పీఠం మాత్రమే మారినది. ఆ రోజులలోనే భిన్నంగా పలికినవారు లేకపోలేదు. 1935లో ఫ్రాయిడ్ ఒక అమెరికన్ తల్లికి ఉత్తరం వ్రాస్తూ, ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదని, దీనిని రోగంగా పరిగణించడానికి వీలులేదని తెలిపినాడు. పట్టికలు వ్రాసినవారు ఆ మాట చెవిని పెట్టలేదు.

ఆ పట్టికకు ఆధారమైన పరిశోధనలలోని లోపం చాల మోటైనది. పరిశోధకులు పరీక్షించినది ఎక్కువగా ఆస్పత్రులలోని రోగులను, జైళ్ళలోని ఖైదీలను. ఆస్పత్రిలో వెదకినవానికి రోగం కనబడడంలో వింత ఏమున్నది? ఈ సంగతిని గ్రహించిన మనశ్శాస్త్రవేత్త ఎవెలిన్ హుకర్. చికిత్సలో లేని 30 మంది స్వలింగానురాగులైన పురుషులను, వయస్సులోను, విద్యలోను, బుద్ధిలోను వారికి సాటి వచ్చే మరి 30 మంది ఇతర పురుషులను ఆమె ఎన్నుకొన్నది. సిరామరకల పరీక్ష మొదలైన మానసిక పరీక్షలు జరిపి, ఎవరి ఫలితాలు ఎవరివో తెలియకుండ నిపుణుల ముందుంచినది. ఏ ఫలితం ఏ వర్గానిదో వారు పోల్చి చెప్పలేకపోయినారు. ఆ పరిశోధన 1957లో అచ్చయినది. రోగమంటూ ఉంటే దాని గుర్తు ఎక్కడో ఒకచోట కనబడాలి కదా!

1973లో అమెరికా సంఘం ఆ పేరును పట్టిక నుండి తొలగించినది. మరుసటి యేడు సభ్యుల ఓటులో అధిక సంఖ్యాకులు ఆ నిర్ణయాన్ని బలపరచినారు. ‘ఓట్లు లెక్కపెట్టి రోగాన్ని తీసివేసినారు, ఇదేమి శాస్త్రం?’ అని ఎత్తిపొడిచేవారు నేటికీ ఉన్నారు. వారిని ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ రోగాన్ని పట్టికలో చేర్చినది ఏ పరీక్షను బట్టి? చేర్చిననాడు రుజువు అడగనివారికి తీసివేసిననాడు రుజువు అడిగే హక్కు ఎక్కడిది? పైగా రుజువు అప్పటికి పదహారేండ్లుగా వారి యెదుటనే ఉన్నది. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ స్వలింగానురాగాన్ని రోగాల జాబితా నుండి తొలగించినది. 2019లో ఆమోదం పొంది 2022లో అమలులోకి వచ్చిన దాని పదకొండవ సవరణ, తమ లింగాన్ని వేరుగా భావించేవారి స్థితిని మానసిక రోగాల అధ్యాయం నుండి తీసి లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో చేర్చినది.

మన దేశం వెనుకబడి ఉన్నదా అంటే, శాసనంలో లేదు. సమాజంలో చెల్లుతున్న నైతిక, సాంస్కృతిక విలువలకు ఒదగని కారణాన ఎవరికీ మానసిక రోగం అంటగట్టరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టం శాసించినది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయస్సు వచ్చినవారు పరస్పర సమ్మతితో నడుపుకొనే జీవితానికి 377వ సెక్షను వర్తించదని తీర్పు చెప్పినది. ఆ యేడే భారతీయ మనోరోగ వైద్య సంఘం ఇది రోగం కాదని ప్రకటించినది. ఇంత జరిగిన పిమ్మట 2024లో జాతీయ వైద్య కమిషన్ వెలువరించిన పాఠ్యప్రణాళికలో ఏమి కనబడినది? స్త్రీల మధ్య అనురాగం అసహజ లైంగిక నేరాల క్రింద తిరిగి దర్శనమిచ్చినది. నిరసన చెలరేగిన మీదట కొద్ది రోజులలోనే దానిని ఉపసంహరించుకొన్నారు. ఉపసంహరించుకొన్నందుకు సంతోషమే. కాని చచ్చినదనుకొన్న మాట అంత సులువుగా లేచి వచ్చినదంటే, అది ఎక్కడో బ్రతికి ఉన్నదనే కదా అర్థం? బ్రతికి ఉన్నది మన పుస్తకాలలో, మన నాలుకల మీద.

తెలుగు పత్రికల మాటనే తీసుకొందాం. ‘స్వలింగ సంపర్కులు’ అని వ్రాస్తున్నారు. సంపర్కమంటే స్పర్శ, కలయిక. జన్మలో ఎవరినీ తాకక, మనస్సులోనే ఒకరిని ఆరాధించి ఊరకున్న మనిషికి కూడ ఈ పేరే. భార్యాభర్తలను ఏ విలేకరి అయినా ‘పరలింగ సంపర్కులు’ అని వ్రాసినాడా? వారికి ప్రేమ, దాంపత్యం, కాపురం అనే మాటలున్నవి. వీరికి సంపర్కం ఒక్కటే మిగిల్చినాము. హిందీలోని ‘సమలైంగిక్’ అనే మాటలో కనీసం ఈ స్పర్శ లేదు. లింగం మారినవారి విషయం మరింత హీనం. 1919లో నిజాం రాజ్యంలో చేసిన చట్టం నపుంసకులనే పేరుతోనే వారి చిరునామాలు నమోదు చేయించినది. ఆడవేషంతో వీథిలో కనబడితే వారంటు లేకుండ నిర్బంధించే అధికారమిచ్చినది. తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినది 2023లో. చట్టం పోయినది. ఆ పేరు మన సంభాషణలలో తిట్టుగా నేటికీ చెల్లుతున్నది.

‘ఇదంతా పడమటి గాలి, మన సంప్రదాయానికి పరాయిది’ అనేవారు కొందరు. పరాయిది అనురాగమా, దానికి పెట్టిన రోగపు పేరా? విరాటుని కొలువులో బృహన్నలకు నాట్యాచార్య పదవి దొరికినదే గాని ఆస్పత్రి దొరకలేదు. 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్, స్త్రీ కావాలనే కోరిక యూరపువారిలో కంటె భారతీయ పురుషులలో సులభంగా బయటపడుతున్నదని 1929లో ఫ్రాయిడ్‌కు వ్రాసినాడు. హిందీలో పాండేయ బేచన్ శర్మ ‘ఉగ్ర’ 1927లో ‘చాక్‌లేట్’ కథలను పుస్తకంగా ప్రకటించినప్పుడు బనారసీదాస్ చతుర్వేది దానిని ‘ఘాస్‌లేటీ’ సాహిత్యమని, అనగా కిరసనాయిలు కంపు కొట్టే సాహిత్యమని, ఈసడించినాడు. ఖండించడానికే వ్రాసితినని ఉగ్ర, ఆ ఖండనే అశ్లీలమని చతుర్వేది. ఆ వాదంలో ఆ మనుష్యుల గొంతు వినబడనే లేదు.

‘మాట మారిస్తే బ్రతుకు మారుతుందా?’ అనే ప్రశ్నకు శాస్త్రమే జవాబు చెప్పుతున్నది. వీరిలో దిగులు, భీతి, ఆత్మహత్యాభావం ఇతరులలో కంటె అధికంగా కనబడుతున్నవన్నది నిజం. దానికి మూలం వారి అనురాగం కాదు. దాచుకొనవలసి రావడం, వెలివేతకు జంకుతూ బ్రతకడం, అవమానాన్ని నమ్మి తన్ను తానే ద్వేషించుకొనడం. ఇది అల్పసంఖ్యాకులు మోసే ఒత్తిడి అని ఇలాన్ మేయర్ 2003లో వివరించినాడు. కన్నబిడ్డ మనస్సు విప్పి చెప్పిననాడు తల్లిదండ్రులు మొదట వెదకేది తమకు తెలిసిన మాటను. ఆ మాట రోగమైతే పరుగెత్తేది వైద్యుని వద్దకో, మంత్రగాని వద్దకో. ‘మార్చే చికిత్స’లను 2021లో మద్రాసు హైకోర్టు నిషేధించవలెనన్నది, అవి వృత్తిధర్మానికి విరుద్ధమని 2022లో జాతీయ వైద్య కమిషన్ తెలిపినది. నిషేధం వైద్యుని చేయి పట్టుకొనగలదు. తల్లి నోటిలోని మాటను మార్చలేదు.

ఆ పని మనది. మద్రాసు హైకోర్టు ప్రోద్బలంతో తమిళనాడు ప్రభుత్వం 2022లో గౌరవవాచకాల పట్టికను గెజెట్టులో ప్రకటించినది. తెలుగులో కూడ విశ్వవిద్యాలయాలు, అకాడమీలు, పత్రికలు కలిసి అట్టి పని చేయాలి. ఆ పేర్లను మోయవలసినవారిని మొదట సంప్రదించి చేయాలి. అంతవరకు అనువాదకులు పాటించవలసిన నియమం ఒకటున్నది. మూలంలో ప్రేమ అని ఉన్నచోట సంపర్కమని వ్రాయరాదు. మూలంలో మనిషి ఉన్నచోట రోగిని నిలపరాదు. మూలానికి విధేయులమని చెప్పుకొనే మనకు ఇది క్రొత్త ధర్మమేమీ కాదు.