క్రూయిజ్ ఓడలో సౌండ్ పని: కువైట్ అకామా వదిలే ముందు లెక్క చూసుకోండి

2025 జూలై 1 నుంచి 18వ నంబరు వీసా, అంటే మనం షూన్ అనుకునే వీసా మీద ఉన్నవాళ్ళు కువైట్ దాటాలంటే కంపెనీ ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. ఈ రూల్ వచ్చాక మన సౌండ్ తమ్ముళ్ళ దగ్గర్నుంచి ఒక ప్రశ్న వస్తోంది. హోటల్ ఫంక్షన్లకీ, ఉగాది, సంక్రాంతి ప్రోగ్రాములకీ మిక్సర్ దగ్గర కూర్చునే కుర్రాళ్ళు వీళ్ళు. చలికాలంలో దుబాయ్, దోహా నుంచి క్రూయిజ్ ఓడలు తిరుగుతాయి. వాటిలో రోజూ స్టేజీ షోలు ఉంటాయి. "సెలవు పెట్టి ఓడలో ఒక కాంట్రాక్టు చేసుకుని, మళ్ళీ కువైట్ కంపెనీకి వచ్చేయొచ్చా?" అని అడుగుతున్నారు.

రెండూ చేతిలో పెట్టుకోవడం కుదరదు. ఓడ కాంట్రాక్టు మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలలు ఉంటుంది. షూన్ అకామా ఉన్న మనిషి ఆరు నెలలు దాటి కువైట్ బయట ఉంటే అకామా పోతుంది. అంతకంటే ముందే ఇంకో చిక్కుంది. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, సరైన కారణం లేకుండా వరసగా ఏడు రోజులు డ్యూటీకి రాకపోతే, ఆ మనిషి తనంతట తానే రాజీనామా చేసినట్టు కంపెనీ లెక్క వేసుకోవచ్చు. అప్పుడు సర్వీసు డబ్బు తగ్గుతుంది.

ఎంత తగ్గుతుందో చూద్దాం. నెల జీతం 200 దినార్లు, సర్వీసు నాలుగేళ్ళు అనుకోండి. మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 15 రోజుల జీతం. నెలకి 26 పని రోజుల లెక్కన మొత్తం దాదాపు 461 దినార్లు. రాజీనామా అయితే మూడేళ్ళు దాటి ఐదేళ్ళ లోపు వాళ్ళకి అందులో సగమే, అంటే 230. మూడేళ్ళు కూడా నిండకపోతే ఏమీ రాదు. ఐదేళ్ళు నిండితే మూడింట రెండు వంతులు, అంటే 577లో 385 దినార్ల దాకా. ఐదేళ్ళకి రెండు మూడు నెలలే తక్కువ ఉన్నవాళ్ళు కాస్త ఓపిక పట్టడం మంచిది. వెళ్ళిపోవాలనే అనుకుంటే నెల జీతగాళ్ళు మూడు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. లెక్క తేల్చుకుని, అకామా క్యాన్సిల్ చేయించుకునే బయల్దేరాలి.

ఇక ఓడ సంగతి. ఓడ సిబ్బందిలో ఒకడిగా కాంట్రాక్టు మీద సౌండ్ పని చేసేవాడు చట్టం దృష్టిలో నావికుడే. 2006 సముద్ర కార్మిక ఒప్పందం అతనికీ వర్తిస్తుంది. మన దేశం దాన్ని 2015లో ఆమోదించింది. దాని ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు ఏజెంటు కార్మికుడి దగ్గర ఫీజు తీసుకోకూడదు. మెడికల్, పాస్‌పోర్టు, నావికుడి పుస్తకం (సీడీసీ) ఖర్చులే మనవి. వీసా ఖర్చు ఓడ యజమానిది. కాంట్రాక్టు అయ్యాక ఇంటికి చేర్చే ఖర్చు కూడా వాళ్ళదే. కాబట్టి రెండు లక్షలు కట్టు, మూడు లక్షలు కట్టు అని అడిగేవాడి దగ్గర అక్కడే ఆగిపోండి.

గల్ఫ్ ఉద్యోగానికి ఈ-మైగ్రేట్‌లో ఏజెంటు లైసెన్సు చూసుకోవడం మనకి అలవాటే. ఓడకి అది చాలదు. డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌.పి.ఎస్‌.ఎల్‌. లైసెన్సు ఉండాలి. ఆ నంబరు అడిగి, డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

జీతం ఒక్కటే చూసి మురిసిపోకండి. కువైట్‌లో వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైం. ఓడలో పని గంటల పరిమితి వారానికి 72 దాకా పోవచ్చు. రిహార్సల్, షో, మర్నాటి సెటప్ కలిస్తే రోజు ఇట్టే నిండిపోతుంది. అందుకని గంటకి ఎంత పడుతుందో లెక్కేయండి. కాంట్రాక్టుకీ కాంట్రాక్టుకీ మధ్య ఇంట్లో ఉన్న రోజులకి జీతం ఉందా, లేక నెల జీతంలోనే కలిపేశారా అన్నది కూడా కాగితం మీద చూడండి. గదికీ తిండికీ డబ్బు కట్టక్కర్లేదన్న లాభాన్ని కూడా అందులో కలుపుకోండి.

కాగితాలు ఎందుకింత ముఖ్యమో కువైట్ వాళ్ళకి ఒక ఉదాహరణ చాలు. అది సరుకు ఓడ, క్రూయిజ్ కాదు. ఉలా అనే ఆ ఓడని 2020లో షుయైబా రేవులో యజమాని వదిలేశాడు. అందులో 19 మంది, ఎక్కువమంది మన భారతీయులే. జీతాల్లేవు, ఇంటికి పోయే దారి లేదు. 2021 జనవరిలో నిరాహార దీక్షకి దిగారు. ఆ ఏడాది జూన్‌లో గానీ ఇంటికి చేరలేదు. ఇలాంటి రోజు కోసమే సిబ్బందిని వదిలేస్తే నాలుగు నెలల దాకా బకాయి జీతం, ఇంటికి చేర్చే ఖర్చు ఇచ్చే బీమా ఓడకి ఉండాలని 2017 నుంచి ఆ ఒప్పందంలో రూల్ పెట్టారు. ఆ సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనబడేలా అంటించి ఉండాలి. ఎక్కిన రోజే చూసి ఫొటో తీసి ఇంటికి పంపండి.

రాజంపేటలోనో, రాయచోటిలోనో, గోదావరి జిల్లాల్లోనో ఉన్న అమ్మానాన్నలకీ, చెల్లెళ్ళకీ ఒక మాట. అబ్బాయి ఓడ ఎక్కే ముందు మీ చేతిలో మూడు కాపీలు ఉండాలి: సంతకాలైన కాంట్రాక్టు, ఏజెంటు లైసెన్సు నంబరు, కువైట్ కంపెనీ లెక్క తేల్చిన కాగితం. మూడోది లేకపోతే ఇంకా నోటీసు కాలం అవలేదన్నమాట. ఓడ టికెట్టు తర్వాత చూసుకోమనండి.