సైట్ దగ్గర లారీ మీద నుంచి పడితే.. బాధ్యత ఎవరిది?

ఇల్లు కట్టిస్తున్నారా? ఫ్లాట్‌లో టైల్స్ మార్పిస్తున్నారా? అయితే ఏదో ఒక రోజు మీ గేటు ముందు లారీ ఆగుతుంది. హమాలీలు పైకెక్కి 50 కిలోల సిమెంట్ బస్తాలో, టైల్స్ పెట్టెలో దించుతారు. లారీ ఎత్తు నాలుగడుగులే కదా అనిపిస్తుంది. లోడు మీద నిలబడితే అది రెట్టింపు దాటొచ్చు. తలకు దెబ్బ తగిలితే ఆ నాలుగడుగులైనా ప్రాణం తీయగలవు.

ఎలా పడతారు?

బస్తా లాగుతూ వెనక్కి నడిస్తే అంచు కనిపించదు. బిగించిన తాడు ఒక్కసారిగా వదులైతే పట్టు తప్పుతుంది. తడిసిన టార్పాలిన్ జారుతుంది. దిగడానికి మెట్టు లేక దూకేస్తారు.

చిక్కు ఎక్కడ?

డ్రైవర్ రవాణా సంస్థ మనిషి. హమాలీలు దుకాణం పంపినవారో, అడ్డా మీద కుదుర్చుకున్నవారో. సైట్ మేస్త్రీ సరుకు లెక్క చూసుకుంటాడు. లోడు దించే పనిని చూసుకునేవారే ఉండరు. ప్రమాదం జరిగాక 'మా మనిషి కాదు' అని తలా ఒకరు తప్పుకుంటారు.

చట్టం ఏమంటోంది?

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. ఈఎస్ఐ వర్తించని కార్మికుడు పని కారణంగా గాయపడితే యజమానే పరిహారం ఇవ్వాలి. మరణిస్తే నెల వేతనంలో 50 శాతాన్ని, శాశ్వతంగా పూర్తి వైకల్యం వస్తే 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టర్‌కు అప్పగించినా అసలు యజమాని బాధ్యత పోదు. ముందు తాను చెల్లించి, తర్వాత కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవచ్చు.

దరఖాస్తుకు గడువు రెండేళ్లు. డెలివరీ చలానా, లారీ నంబరు, ఆస్పత్రి కాగితాలు దాచుకోవాలని బాధిత కుటుంబానికి చెప్పండి.

మీరేం చేయొచ్చు?

• ఆర్డర్ ఇచ్చేటప్పుడే దించేది ఎవరో, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో అడిగి రసీదుపై రాయించండి.
• మనిషి పైకి ఎక్కాల్సిన అవసరాన్నే తగ్గించండి. ఇసుక, కంకరకు టిప్పర్ అడగండి. పెద్ద సైట్లలో ప్యాలెట్ సరుకును ఫోర్క్‌లిఫ్ట్‌తో దింపించండి.
• లారీకి చదునైన, గట్టి నేల చూపించండి. ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డుపెట్టాకే పని మొదలుపెట్టించండి.
• ఎక్కి దిగడానికి కదలని నిచ్చెన ఇవ్వండి.
• వానలో, చాలినంత వెలుతురు లేనప్పుడు తొందరపెట్టకండి. సరుకు రేపు దిగినా నష్టం లేదు.
• ఎవరైనా పడితే 108కు ఫోన్ చేయండి. మెడకో, వెన్నుకో దెబ్బ తగిలిందనిపిస్తే లేపి కూర్చోబెట్టకండి, ఆటోలోకి ఎక్కించకండి. అంబులెన్స్ వచ్చేదాకా కదలకుండా పడుకోనివ్వండి.