టీవీ ఊరిని కలిపిందా?

"ఒక్క టీవీ ఊరినంతా కలిపింది" అని మురిసిపోయే మిత్రులారా, ఆ టీవీ ఎవరింట్లో ఉంది? మన పిల్లలు లోపల చాప మీద కూర్చున్నారా, కిటికీ ఊచలు పట్టుకుని చూశారా?

కారంచేడులో మంచినీళ్ల చెరువు పాడుచేయొద్దన్నందుకు ఆరుగురు మాదిగల్ని చంపింది 1985 జులై 17న. చుండూరు 1991 ఆగస్టు 6. దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది 1987 జనవరిలో. అంటే ఆ రెండు తేదీల నడుమే మీ 'కలిసిన ఊరు'!

గుణదల, బెజవాడ రోడ్ల మీద టీవీ షాపు అద్దం మన కులం అడగలేదు, డబ్బు అడిగింది. అందుకే మన జ్ఞాపకం ఆ అద్దం బయట ఉంది, కామందు అరుగు మీద లేదు.

జ్ఞాపకాలు రాయండి. ఎవరు ఎక్కడ నిలబడ్డారో కూడా రాయండి.

జై భీమ్.