కోరిక పాపమా?

శనివారం రాత్రి ఉపవాస కూటంలో మన పేట ఆడవాళ్లు లేచి ఏమడుగుతారో మేము ఎరుగుదుము. కొడుక్కి ఉద్యోగం. కూతురికి సంబంధం. ఇంటి స్థలానికి పట్టా. పసుపు పనుల్లో పడిపోయిన నడుము కాస్త లేవడం. లోకాశలతో చేసే ప్రార్థన దేవుడి దాకా పోదని ఒక అయ్యగారు సెలవిచ్చారు. మరో బోధకుడిది వేరే లెక్క: కానుక వెయ్యి, కోరింది పొందు. ఒకరు కోరికను పాపం చేశారు, ఇంకొకరు బేరం చేశారు.

మేము ఇద్దరితోనూ ఏకీభవించము. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాది. ఫీజు గడువు దగ్గర పడితే మా అమ్మ రాత్రి మోకాళ్లూనేది, తెల్లారి కూలికి పోయేది. అది స్వార్థమా? కోరికలు చంపుకోమని దుగ్గిరాల పసుపు యార్డుకు పోయి షావుకార్లకు ప్రసంగం చేసిన అయ్యగారిని ఎవరైనా చూశారా? వైరాగ్యం ఎప్పుడూ లేనివాడికే బోధిస్తారు.

అయితే మన తప్పు కూడా ఒకటుంది. పంతుళ్లం గనక మాటలు పట్టి చూడడం మాకు అలవాటు. యేసు శిష్యులకు నేర్పిన ప్రార్థనలో 'నా' అనే మాట వెతకండి, దొరకదు. అంతా 'మా'. తిండి మాకు, క్షమాపణ మాకు. మన తెలుగు మత్తయి సువార్తలో అక్కడ పాపములు అని కూడా లేదు, ఋణములు అని ఉంది. అప్పంటే ఏమిటో మనకొకరు చెప్పాలా? ఆ ప్రార్థన అందరం కలిసి చెప్పి, కూర్చోగానే ఎవరి మనవి వాళ్లు విప్పుతాం. ఒక్క వీధిలో ముప్పై ఇళ్లకు పట్టా లేకపోతే ముప్పై ప్రార్థనలు. ముప్పై వేలిముద్రలతో ఒక్క అర్జీ లేదు.

లూకా 18వ అధ్యాయంలోని విధవరాలిని చూడండి. ఆమె కోరిక న్యాయం. అడిగింది దేవుడికి భయపడని న్యాయాధిపతిని. వాడు విసిగిపోయేదాకా తిరిగింది. పట్టు విడవకుండా ప్రార్థించండని చెప్పడానికి యేసు చూపించింది గుళ్లో కళ్లు మూసుకున్న మనిషిని కాదు, న్యాయం కోసం తిరిగి తిరిగి అడిగిన ఆడమనిషిని.

తెనాలి దాటితే చుండూరు. 1991 ఆగస్టు 6న మనవాళ్లను ఎనిమిది మందిని చంపారు. కొందరి శవాలను గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ పేటవాళ్లు ఏడ్చి ఊరుకోలేదు. ఊళ్లోనే కోర్టు పెట్టాలని పోరాడి పెట్టించారు. 2007లో ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. క్షమించి దేవుడికి వదిలెయ్యమనే సలహాలు మనకేం కొత్త కాదు. వాళ్లు సుప్రీం కోర్టుకు పోయారు.

వచ్చే శనివారం కూటానికి మేము తెల్లకాగితాలూ, వేలిముద్రల పెట్టే తెస్తున్నాం. ఇంటి స్థలం మనవి ఉన్నవాళ్లంతా రండి. ముందు ప్రార్థన చేద్దాం. ఆమెన్ అన్నాక ఎవరూ లేచి పోవద్దు.