సెలైన్ సీసాలో బలం ఎంత?

పోయిన నెలలో ఒక యువకుడు తన తల్లిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. నేను ఉద్యోగ విరమణ చేసి చాలాకాలమైనా, ధవళేశ్వరంలో పరిచయమున్న కుటుంబాలవారు ఇప్పటికీ సలహాకు వస్తూనే ఉంటారు. ఆమెకు అరవై ఏళ్ళు నిండలేదు. నాలుగు మెట్లెక్కి అరుగుమీద కూలబడి, మాట రాక కాసేపు ఆయాసపడింది. కుమారుడు నన్ను రోగమేమిటని అడగలేదు. “డాక్టరుగారండీ, అమ్మకి నెలరోజులనుంచీ ఒకటే నీరసమండీ. ఓ గ్లూకోజు బాటిలు ఎక్కించమని ఎవరికైనా చెప్పండి, సాయంత్రానికల్లా లేచి తిరుగుతుంది” అన్నాడు.

ఈ మాట నేను వైద్యవృత్తిలో ఉన్నంతకాలం విన్నాను. అందుకే ఇవాళ ఆ సీసా లెక్క చెప్పదలచుకున్నాను.

మన ఆసుపత్రులలో సాధారణంగా వాడే అయిదు శాతం గ్లూకోజు సీసాలో అర లీటరు ద్రవం ఉంటుంది. అందులో గ్లూకోజు 25 గ్రాములు. దానివల్ల శరీరానికి చేరే శక్తి సుమారు 90 కిలోకేలరీలు. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 కిలోకేలరీలు ఉంటాయి. అంటే రెండు గంటలు మంచంమీద కదలకుండా పడుకొని, సూది నొప్పి భరించి, డబ్బు చెల్లించి మనం పొందే బలం పిడికెడు బియ్యంలో ఉన్నంత కూడా లేదు. ఇక ఉప్పునీటి సీసా అయితే, అంటే అసలైన సెలైన్ అయితే, అందులో శక్తి సున్న. నాలుగున్నర గ్రాముల ఉప్పు మాత్రం ఉంటుంది. గుండె బలహీనంగా ఉన్నవారికి, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఆ ఉప్పూ ఆ నీరూ ప్రాణాంతకం కూడా కావచ్చు.

మరి సీసా ఎక్కిస్తే తేలికపడినట్లు ఎందుకనిపిస్తుంది? వేసవిలో ఒంట్లో నీరు తగ్గినవారికి నీరు అందుతుంది, అది నిజమే. మిగిలినవారికి పంకా కింద రెండు గంటల విశ్రాంతి, పక్కన కూర్చున్న మనుషులు, నాడి పట్టుకొని చూసే ఒక చేయి లభిస్తాయి. ఇవి చిన్న విషయాలని నేననను. కానీ వీటికి సూది అక్కరలేదు.

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఈ సీసాలు నేనూ పెట్టించాను. పెట్టకపోతే రోగి పక్క వీధికి వెళ్ళి పెట్టించుకుంటాడు, కనీసం నా కళ్ళెదుట ఉంటే మేలు కదా అని నాకు నేనే సమాధానం చెప్పుకునేవాడిని. అది వైద్యం కాదు, వ్యాపారానికి తలవంచడమే.

తిన్న అన్నం బలంగా మారే తీరు తెలిస్తే ఈ భ్రమ చాలావరకు తొలగుతుందని నా నమ్మకం. ఆ తీరును లోకానికి తెలిపినవారిలో మన గోదావరి సీమవాడు ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో కొంతకాలం చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళి హార్వర్డులో ఫిస్కేతో కలిసి పనిచేశారు. కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని 1927లో, ఏటీపీని 1929లో వారిద్దరూ గుర్తించి ప్రకటించారు. జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడాది ఏటీపీని కనుగొన్నాడు. ఈ ఏటీపీయే కణం ఖర్చుపెట్టే చిల్లర నాణెం. అన్నం, పప్పు, నెయ్యి ఏది తిన్నా చివరకు ఈ నాణెంగా మారితేనే గుండె కొట్టుకుంటుంది, వేలు కదులుతుంది. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఇది సుమారు 100 గ్రాములే ఉంటుందని అంచనా. కానీ ఖర్చయినదాన్ని కణం వెంటవెంటనే మళ్ళీ తయారుచేసుకోవడంవల్ల, ఒక రోజులో చేతులు మారే ఏటీపీ దాదాపు మన శరీరమంత బరువు తూగుతుంది. కాబట్టి బలం అంటే సీసాలోనుంచి పోసి నిలవచేసుకునే సరుకు కాదు, అనుక్షణం సాగవలసిన పని.

మా ఊరి ఆనకట్ట చూసినవారికి మిగిలింది సులభంగానే బోధపడుతుంది. గోదావరి ఎంత నిండుగా పారినా, హెడ్ స్లూయిస్ తలుపులు ఎత్తి కాలువలకు నీరు వదిలితేనే చేను తడుస్తుంది. లేకపోతే ఆ నీరంతా సముద్రం పాలు. రక్తంలోని గ్లూకోజు కూడా అంతే. కండరాల కణాలకు ఆ తలుపు ఎత్తేది ఇన్సులిన్. మధుమేహంలో నది పొంగుతూనే ఉంటుంది, చేను ఎండుతూనే ఉంటుంది. ఆ రోగి నీరసమంటే మనం చేసేదేమిటి? నదిలో ఇంకొక సీసా నీరు పోయడం!

గ్లూకోజు కణంలోకి చేరినా పని పూర్తికాదు. మొదటి అంచెలో అది విరిగి పైరువేట్ అవుతుంది. ఆ అంచెలో మిగిలే ఏటీపీలు రెండే. పైరువేట్ మైటోకాండ్రియాలోకి వెళ్ళి ప్రాణవాయువు సాయంతో పూర్తిగా దహనమైతేనే మొత్తం 30కి పైబడతాయి. ఆ మైటోకాండ్రియా ద్వారం దగ్గర పనిచేసే ఎంజైముకు థయమిన్, అంటే బి1 విటమిన్, తప్పనిసరి.

ఈ ద్వారం మూసుకుపోతే ఏమవుతుందో మన ప్రాంతం ఒకప్పుడు స్వయంగా అనుభవించింది. ఆనకట్ట కట్టకముందే, 1835లో, మాల్కంసన్ అనే మద్రాసు సైనిక వైద్యుడు బెరిబెరి వ్యాధిపై ఒక గ్రంథం ప్రచురించాడు. ఆ వ్యాధి ఉత్తర సర్కారులలో, అంటే మన కోస్తా జిల్లాలలో, విస్తారంగా ఉందని అందులో రాశాడు. కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, గుండె విఫలమై మనుషులు చనిపోయేవారు. కారణం ఆయనకు తెలియదు. విటమిన్ అన్న మాటే అప్పటికి పుట్టలేదు. తరువాత తేలినదేమిటంటే, థయమిన్ బియ్యపు గింజ పైపొరలోనూ మొలకలోనూ ఉంటుంది. పచ్చి బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టి, పదిసార్లు కడిగి, గంజి వార్చి తింటే అది చాలావరకు పోతుంది. ఉప్పుడు బియ్యంలో అయితే ధాన్యం ఉడికేటప్పుడే అది గింజలోపలికి ఇంకుతుంది కనుక కొంత మిగులుతుంది. మనం ఏం చేశాం? తవుడూ కడుగునీళ్ళూ గేదె కుడితిలో పోశాం, తెల్లటి పిండిపదార్థం మన కంచంలో పెట్టుకున్నాం. ఇంట్లో అందరికంటే గేదెకే మంచి భోజనం!

బెరిబెరి నేడు అరుదు. కానీ మద్యానికి అలవాటుపడి అన్నం సరిగా తిననివారిలో థయమిన్ లోపం ఇప్పటికీ ఉంది. అటువంటివారికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే, ఉన్న కాస్త విటమినూ ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. “నీళ్ళే కదండీ, ఏం నష్టం?” అనేవారికి నా జవాబు ఇదే.

వాంతులతో నోట ఏదీ నిలవనివారికి, తీవ్రమైన విరేచనాలతో సొమ్మసిల్లినవారికి, చక్కెర పడిపోయి స్పృహ తప్పినవారికి సీసా ప్రాణం పోస్తుంది. మామూలు విరేచనాలకు మాత్రం ఓఆర్ఎస్ చాలు.

ఇక ఆ తల్లి సంగతి. కనురెప్ప దించి చూస్తే లోపలి పొర తెల్లకాగితంలా ఉంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఏడుకు దిగువన తేలింది. కణాలకు ప్రాణవాయువు మోసుకెళ్ళే కూలీలు సగానికి సగం తగ్గారన్నమాట. ఇక గ్లూకోజు కాలేదెలా? ముట్లుడిగిన స్త్రీలో ఇంత రక్తహీనత ఉందంటే రక్తం ఎక్కడో కారిపోతూ ఉండాలి. ఓపికగా అడిగితే చాలాసేపటికి చెప్పింది. రెండేళ్ళుగా మొలల నుంచి రక్తం పడుతోందట. కొడుకుతో ఎలా చెప్పడమని ఊరుకుందట. ఆ వయసులో మొలలేనని సరిపెట్టుకోకూడదు గనుక పేగు పరీక్ష కూడా చేయించమన్నాను. అదృష్టవశాత్తూ మరేమీ లేదు. మొలలకు చికిత్స జరిగింది, ఐరన్ మాత్రలు మొదలుపెట్టింది. మొన్న ఆదివారం తల్లీకొడుకులు మళ్ళీ వచ్చారు. ఇంకా పూర్తిగా కోలుకోలేదు గాని, ఈసారి మెట్లెక్కి అరుగుమీద కూలబడలేదు. “ఆ రోజుల్లో నాలుగు బాటిళ్ళు ఎక్కించామండీ” అన్నాడు కుమారుడు తలవంచుకొని. నా దగ్గరకు రాకముందు సంగతి అది.